ఇండియన్ ఎవరో ఎవరు చెప్పాలి? కెనడా రిజిస్టరు కథ

కెనడా అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది వీసా, పీఆర్, బ్రాంప్టన్‌లో నలుగురు కలిసి తీసుకున్న బేస్‌మెంటు గది. ఆ దేశం పేరు దళిత ఉద్యమంలో గట్టిగా వినపడింది 2023లో. ఆ ఏడాది టొరంటో జిల్లా స్కూల్ బోర్డు తమ బడుల్లో కుల అణచివేత ఉందని ఒప్పుకుంటూ తీర్మానం చేసింది. కొన్ని నెలలకే అంటారియో మానవ హక్కుల కమిషన్ కూడా కులవివక్ష తమ చట్టం పరిధిలోకే వస్తుందని ప్రకటించింది. మన సంఘాలు సంతోషించాయి, మేమూ సంతోషించాం. సముద్రాలు దాటి వెళ్లినా కులం వెంట వస్తుందని మనం ఎప్పట్నుంచో చెబుతున్న మాట ఒక పరాయి ప్రభుత్వ సంస్థ నోట విన్నాం గదా!

కానీ వలస వచ్చినవాళ్ల కులాన్ని గుర్తుపట్టిన ఆ దేశం, ఆ నేల మీద అందరికంటే ముందునుంచీ ఉన్నవాళ్ల విషయంలో ఏం చేసింది? పుట్టుకను బట్టి మనుషుల్ని ఒక రిజిస్టరులో ఎక్కించడం, కొట్టేయడం - ఈ పని అక్కడి ప్రభుత్వం నూటయాభై ఏళ్లుగా చేస్తోంది. సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు మెట్లెక్కి దిగిన మన పిల్లలకు ఈ కథ తెలియాలని మేం అనుకుంటున్నాం. ఇది పాత చరిత్ర కూడా కాదు. 2025లో అక్కడి పార్లమెంటు చర్చించిన విషయం.

ముందు పేర్ల చిక్కు విప్పుకుందాం. అక్కడి చట్టంలో 'ఇండియన్' అంటే మనం కాదు. కొలంబస్ దారితప్పి చేసిన పొరపాటు ఆ జనం మెడకు చుట్టుకుంది. ఇప్పుడు వాళ్లు తమను ఫస్ట్ నేషన్స్ అంటారు, అంటే మొదటి జాతులు. వీళ్లు గాక ఉత్తర మంచు ప్రాంతపు ఇన్యూట్‌లు, మేటీలు అనే మరో రెండు ఆదివాసీ సమూహాలున్నాయి. 2021 జనాభా లెక్కల్లో మూడు సమూహాలూ కలిసి 18 లక్షల మంది, దేశ జనాభాలో 5 శాతం. అందులో ఫస్ట్ నేషన్స్ పదిన్నర లక్షల దాకా ఉన్నారు. అయితే చట్టం పేరు మాత్రం ఇప్పటికీ 'ఇండియన్ యాక్ట్' అనే ఉంది కాబట్టి ఈ వ్యాసంలో చట్టం గురించి చెప్పేటప్పుడు ఆ మాటే వాడతాం. ఇంకొకటి: అక్కడ 'రిజర్వు' అంటే మన రిజర్వేషన్ లాంటిది కాదు. తెల్లవాళ్లు దేశమంతా ఆక్రమించుకున్నాక ఈ జనానికి కేటాయించిన భూమి ముక్క. అన్ని రిజర్వులూ కలిపినా కెనడా భూమిలో అరశాతం కూడా లేదు. దాని మీద కూడా అసలు యాజమాన్యం ప్రభుత్వానిదే.

ఆ చట్టం 1876లో వచ్చింది. ఎవరు ఇండియన్, ఎవరు కాదు అన్నది ఆ జనాన్ని అడక్కుండా ఒట్టావాలో కూచుని నిర్ణయించిన చట్టం అది. రిజిస్టరులో పేరుంటే రిజర్వులో ఉండొచ్చు, ఒప్పందాల ప్రకారం రావాల్సింది పొందొచ్చు. పేరు లేకపోతే అమ్మ, తాత అక్కడే పుట్టి ఉన్నా నువ్వు అక్కడ పరాయివాడివి.

అందులో ఒక సెక్షన్ మమ్మల్ని చాలాసేపు ఆపేసింది. ఇండియన్ ఎవరైనా యూనివర్సిటీ డిగ్రీ సంపాదిస్తే, డాక్టరో, లాయరో, పాస్టరో అయితే ఆ క్షణం నుంచీ అతను ఇండియన్ కాడు! అడగక్కర్లేదు, చెప్పక్కర్లేదు, దానంతటదే రద్దు. నాలుగేళ్ల తర్వాత, 1880లో, దీన్ని ఇష్టపడినవాళ్లకే అని మార్చారు గాని చట్టం మనసు అక్కడ బయటపడిపోయింది. చదువుకున్నవాడు, నాగరికుడు ఇండియన్ ఎట్లా అవుతాడు? ఇదీ వాళ్ల తర్కం. ఇలా రిజిస్టరులోంచి తీసేయడానికి వాళ్లు పెట్టిన ముద్దుపేరు 'విముక్తి', అంటే పౌరసత్వమూ ఓటూ ఇచ్చి విడుదల చేయడం. జాతిని వదులుకుంటేనే ఓటు. జాతిని వదులుకోకుండానే జాతీయ ఎన్నికల్లో ఓటు వేసే హక్కు వీళ్లందరికీ వచ్చింది 1960లో. మన దగ్గర మొదటి సార్వత్రిక ఎన్నికల్లో మాల మాదిగలు ఓటేసి అప్పటికి ఎనిమిదేళ్లు దాటింది. ప్రజాస్వామ్యానికి మాతృభూములమని చెప్పుకునే దేశాల గురించి మాట్లాడేటప్పుడు ఈ తేదీలు పక్కపక్కన పెట్టుకోవడం మంచిది.

ఇష్టపడి వదులుకున్నవాళ్లు మరీ కొద్దిమంది. దాంతో 1920లో చట్టాన్ని మార్చి, వద్దన్నా సరే, ప్రభుత్వమే ఒక మనిషిని ఇండియన్ కాదని తీసేసే అధికారం తెచ్చుకుంది. ఆ శాఖ పెద్ద అధికారి డంకన్ కాంప్‌బెల్ స్కాట్ అప్పుడు పార్లమెంటు కమిటీ ముందు ఏ మొహమాటమూ లేకుండా చెప్పాడు: ఇండియన్ సమస్య వదిలిపోవాలి, దేశంలో కలిసిపోకుండా మిగిలిన ఇండియన్ ఒక్కడూ ఉండకూడదు, అప్పుడిక ఈ శాఖే అక్కర్లేదు. (ఈయన కెనడాలో పేరున్న కవి కూడా. ఆదివాసీల గురించి విషాద కవితలు రాశాడు.) జనం గొడవ చేస్తే రెండేళ్లకు ఆ అధికారాన్ని తీసేశారు, 1933లో మరో రూపంలో మళ్లీ పెట్టారు. కోర్టుకు పోదామా అంటే 1927 నుంచి 1951 దాకా భూమి కేసుల కోసం లాయరుకు చందాలు వసూలు చేయడమే నేరం. కొట్టి, ఏడవొద్దన్నట్టు!

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. మన ఊళ్లో మాదిగ కొడుకు ఎంఏ చదివితే మాదిగ కాకుండా పోయాడా? కలెక్టరు అయినా పోలేదు. మతం మార్చుకున్నా ఊరు మర్చిపోలేదు. కులం పోగొట్టుకోవడం మనకు అసాధ్యం. వాళ్లకేమో జాతిని నిలుపుకోవడం అసాధ్యం చేశారు. రెండూ పుట్టుక మీద పెత్తనమే అయినప్పుడు దిశలు ఎందుకిలా ఎదురెదురుగా ఉన్నాయి?

మాకు తోచిన జవాబు ఇది. ఇక్కడ అగ్రకులాలకు కావలసింది మన చాకిరి. కళ్లం దగ్గర, గొడ్డు చచ్చినప్పుడు, పొలంలో నాట్లకు చేతులు కావాలి. అందుకే మాదిగ బిడ్డ ఎప్పటికీ మాదిగ బిడ్డే అయి ఉండాలి, ఆ సంఖ్య తగ్గకూడదు. అమెరికాలో నల్లజాతి బానిసల విషయంలోనూ ఇదే సూత్రం: ఎక్కడో ముత్తాతలో ఒక నల్లవాడు ఉన్నా నువ్వు నల్లవాడివే. కెనడాలో తెల్లవాళ్లకు ఆదివాసీల చాకిరి కంటే వాళ్ల భూమి కావాలి. ఆ భూమి మీద ఒప్పందాలున్నాయి, హక్కుదారులున్నారు. హక్కుదారుడు లేకుండా పోతే బాకీ కూడా లేకుండా పోతుంది. అందుకని అక్కడ ముత్తాతలో ఒక తెల్లవాడు చాలు, నువ్వు ఇండియన్ కావని చెప్పడానికి. ఎవరి రెక్కలు కావాలో వాళ్ల లెక్క తగ్గనివ్వరు, ఎవరి నేల కావాలో వాళ్ల లెక్క పెరగనివ్వరు.

నేల కోసం వేసిన ఆ లెక్కలో మొదట తెగిపడింది ఆడవాళ్లు.

1869 నాటి చట్టంతోనే ఒక నియమం మొదలైంది. ఇండియన్ స్త్రీ బయటి మగవాణ్ని పెళ్లి చేసుకుంటే ఆమే కాదు, ఆమె పిల్లలూ ఇండియన్లు కారు. ఇండియన్ మగవాడు తెల్ల స్త్రీని చేసుకుంటే మాత్రం ఆ తెల్ల స్త్రీ ఇండియన్ అవుతుంది! రిజిస్టరులో పేరు, రిజర్వులో ఇల్లు, పిల్లలకు హక్కులు, అన్నీ. ఇది 1985 దాకా నడిచింది. భర్త చనిపోయినా, విడాకులిచ్చినా ఆ ఆడకూతురు పుట్టింటికి తిరిగి రావడానికి లేదు. చచ్చాక తల్లి పక్కన పూడ్చుకోవడానికి కూడా హక్కు లేదు.

కానవాగే రిజర్వుకు చెందిన మొహాక్ స్త్రీ మేరీ టూ-ఆక్స్ అర్లీ 1960లలో దీని మీద పోరాటం మొదలుపెట్టింది. ఇల్లు అమ్ముకుని రిజర్వు విడిచిపొమ్మన్నారన్న దిగులుతో తన స్నేహితురాలు గుండె ఆగి చనిపోవడం ఆమెను కదిలించింది. తర్వాత ఒజిబ్వే స్త్రీ జానెట్ కోర్బియర్ లవెల్, సిక్స్ నేషన్స్ రిజర్వుకు చెందిన ఇవాన్ బెడార్డ్ కోర్టుకెక్కారు. బెడార్డ్ భర్త నుంచి విడిపోయి, తల్లి తన పేర రాసిచ్చిన ఇంటికి పిల్లలతో తిరిగొస్తే ఆ ఇంట్లోంచే పొమ్మన్నారు. 1973లో సుప్రీంకోర్టు ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు అయి ఆడవాళ్లకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. చట్టం ముందు సమానత్వం అంటే చట్టాన్ని అందరికీ ఒకేలా అమలు చేయడమేనట. బయట పెళ్లి చేసుకున్న ఇండియన్ స్త్రీలందరినీ ఒకేలా చూస్తున్నారు గదా, ఇక వివక్ష ఎక్కడిదని! అందర్నీ సమానంగా వెలేశాం కాబట్టి అన్యాయం లేదు. మన పల్లెల్లో రెండు గ్లాసుల హోటలువాడు కూడా ఇదే మాట చెప్పగలడు.

ఇంకో చేదు నిజం దాచిపెట్టకూడదు. ఆ కేసులో ఈ ఆడవాళ్లకు ఎదురుగా నిలబడినవాళ్లలో ఆదివాసీ మగ నాయకత్వం, జాతీయ సంఘం కూడా ఉన్నాయి. వాళ్ల భయానికి కారణం లేకపోలేదు. 1969లో పియర్ ట్రూడో ప్రభుత్వం 'సమానత్వం' పేరుతో ఇండియన్ చట్టాన్నీ, ప్రత్యేక హోదానూ మొత్తం ఎత్తేస్తామని శ్వేతపత్రం తెచ్చింది. పోరాడి మరుసటేడే దాన్ని వెనక్కి కొట్టారు. ఈ చట్టం చెడ్డదే గాని దీనిలో ఒక్క ఇటుక లాగితే మొత్తం గోడ కూలుతుంది, భూమి పోతుంది అనుకున్నారు. ముందు జాతి సమస్య తేలనివ్వండి, ఆడవాళ్ల సంగతి తర్వాత చూద్దాం అన్నారు. ఈ 'తర్వాత' అనే మాట దళిత స్త్రీలకు కొత్తగా పరిచయం చేయాలా? మన సభల్లో వేదిక మీద ఎవరుంటారో, వంట దగ్గర ఎవరుంటారో మనకు తెలీదా?

న్యూ బ్రన్స్‌విక్‌లో టోబిక్ రిజర్వు ఆడవాళ్లు దేశంలో న్యాయం దొరక్క బయటికి చూశారు. వాళ్లలో ఒకామె సాండ్రా లవ్‌లేస్. అమెరికా సైనికుణ్ని చేసుకుని, విడిపోయి, బిడ్డతో ఊరికొస్తే ఇల్లు ఇవ్వమన్నారు. 1977లో ఆమె ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకి ఫిర్యాదు చేసింది. 1979 వేసవిలో ఆ రిజర్వు ఆడవాళ్లు, పిల్లలు రాజధాని ఒట్టావా దాకా నూరుమైళ్లు నడిచారు. 1981లో కమిటీ కెనడాదే తప్పని తేల్చింది. మానవ హక్కుల గురించి ప్రపంచానికి పాఠాలు చెప్పే దేశానికి తలవంపులయ్యాయి. అదే సమయంలో వచ్చిన కొత్త రాజ్యాంగ పత్రంలోని సమానత్వ నిబంధన 1985 ఏప్రిల్ 17న అమల్లోకి రావాలి. ఇక తప్పక సి-31 బిల్లు తెచ్చారు. ఆ ఏడాది పేరు తిరిగి రాయించుకున్న మొదటి స్త్రీ మేరీ టూ-ఆక్స్ అర్లీ. తర్వాతి సంవత్సరాల్లో లక్షకు పైగా జనం రిజిస్టరులోకి తిరిగొచ్చారు. (లవ్‌లేస్ 2005లో సెనేటర్ అయింది.)

గెలిచినట్టేనా? కాదు. ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కునే ఏర్పాటు ఆ బిల్లులోనే ఉంది. దీన్ని కాస్త ఓపిగ్గా చదవాలి, ఎందుకంటే అసలు పనంతా ఈ లెక్కలోనే జరుగుతుంది.

1985 నుంచి రిజిస్టరులో రెండు రకాల ఇండియన్లు. ఆరో సెక్షన్ ఒకటో భాగం కింద ఉన్నవాళ్లు, రెండో భాగం కింద ఉన్నవాళ్లు. వాళ్లు 6(1), 6(2) అంటారు. ఈ మనుషులకు రోజువారీ హక్కుల్లో తేడా లేదు. తేడా అంతా బిడ్డలకు ఏం దాటుతుందన్న దగ్గర. తల్లిదండ్రులిద్దరూ రిజిస్టరులో ఉంటే బిడ్డ 6(1). 6(1) మనిషి బయటివాళ్లను చేసుకుంటే పుట్టే బిడ్డ 6(2). ఆ 6(2) బిడ్డ పెద్దయి మళ్లీ బయటివాళ్లను చేసుకుంటే పుట్టే బిడ్డకు ఏమీ లేదు. రెండు తరాలు వరసగా బయట పెళ్లి జరిగితే కథ అయిపోయింది. దీన్ని 'రెండో తరం కోత' అంటారు. పెళ్లాడిన స్త్రీని ఇదివరకులా వెళ్లగొట్టరు, ఆమె మనవరాలి దాకా ఆగుతారు. తుపాకీ లేదు, బలవంతం లేదు, ఎవడూ తిట్టడు. పడుచువాళ్లు ప్రేమించుకుంటూ ఉంటే చాలు, చట్టం పని చట్టం చేసుకుపోతుంది. ఐదారొందలమంది ఉన్న రిజర్వులో సగంమంది చుట్టాలే. బయట చేసుకోక ఏం చేస్తారు?

ఆడా మగా తేడా కూడా లెక్కలో దాక్కుని బతికింది. షారన్ మెకైవర్ అనే లాయరు దాన్ని పట్టుకుంది. పాత నియమం కాలంలో అన్నాచెల్లెళ్లిద్దరూ బయటివాళ్లను చేసుకున్నారనుకోండి. అన్న భార్య అప్పట్లోనే ఇండియన్ అయిపోయింది కాబట్టి అతని బిడ్డ 6(1), మనవడు 6(2). చెల్లెలు 1985లో తిరిగొచ్చింది, ఆమె బిడ్డ 6(2), ఆ బిడ్డా బయట చేసుకుంటే మనవడికి సున్నా. ఒకే అమ్మ కడుపున పుట్టినవాళ్ల మధ్య ఒక తరం తేడా. 2009లో బ్రిటిష్ కొలంబియా అప్పీలు కోర్టు ఇది వివక్షేనంది. ప్రభుత్వం కోర్టు వేలుపెట్టి చూపించినంత మేరకే మార్చింది. మళ్లీ కేసులు, 2017లో ఎస్-3 అనే మరో బిల్లు, అది పూర్తిగా అమలయ్యేసరికి 2019 ఆగస్టు. 1869లో పెట్టిన ఆడా మగా తేడాను రిజిస్టరులోంచి తీయడానికి నూటయాభై ఏళ్లు పట్టింది.

తండ్రి పేరు సంగతి ఇంకా ఘోరం. బిడ్డ పుట్టిన కాగితం మీద తండ్రి పేరు రాయకపోతే ఆ తండ్రి బయటివాడే అని 1985 తర్వాత అధికారులు లెక్క కట్టేవారు. అత్యాచారం వల్ల పుట్టిన బిడ్డ కావచ్చు, కొట్టి తరిమేసిన మొగుడు కావచ్చు, సంతకం పెట్టనని పారిపోయినవాడు కావచ్చు. అడిగేది తల్లిని, కోతపడేది బిడ్డకు. అల్గాంక్విన్ స్త్రీ లిన్ గేల్ తన తాత ఎవరో కాగితం మీద లేదన్న కారణంతో రిజిస్టరుకెక్కలేక దశాబ్దాలు పోరాడి 2017లో అంటారియో అప్పీలు కోర్టులో గెలిచింది. జోగినుల పిల్లలను బడిలో చేర్చేటప్పుడు తండ్రి పేరు గడి దగ్గర ఏమవుతుందో చూసినవాళ్లకు ఈ కేసు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మన రిజిస్టరు. మన దగ్గర దళిత స్త్రీ అగ్రకులం వాణ్ని చేసుకుంటే ఆమె కులం పోదు. ఆమె బిడ్డ విషయంలో మామూలుగా తండ్రి కులాన్నే చూస్తారు గాని, తల్లి దగ్గర దళితుడిగానే పెరిగి ఆ అవమానాలే పడ్డానని బిడ్డ నిరూపించుకోవచ్చని 2012లో మన సుప్రీంకోర్టు అంది. పెళ్లి దగ్గర మన చట్టం కొంత నయం. కానీ కోత మన దగ్గరా ఉంది, దాన్ని మతం దగ్గర పెట్టారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవుడైన మాల, మాదిగ మాత్రం బయటే. ఆంధ్రా, తెలంగాణల్లో అతన్ని బీసీ-సీ అన్నారు, ఒక్క శాతం ఇచ్చారు. అందుకే గుంటూరు పక్క పల్లెల్లో ఆదివారం ప్రార్థనలో ఒక పేరు, సోమవారం ఆఫీసులో ఒక పేరు. అతను ఉండేది అదే మాలపల్లె, అతన్ని పిలిచేది అదే పిలుపు. ఊరు గుర్తుపెట్టుకున్న కులాన్ని కాగితం మర్చిపోయినట్టు నటిస్తుంది.

అన్నట్టు ఇందాక చెప్పిన భూమి, చాకిరి సూత్రానికి ఇది ఎదురు వస్తున్నట్టు కనిపిస్తుంది. రాదు. చాకిరికి పిలిచేటప్పుడు ఎవరూ ఏ గుడికి పోతావని అడగరు. హక్కు ఇవ్వాల్సి వచ్చినప్పుడే లెక్క కుదించడం మొదలవుతుంది.

కెనడాలోనూ చివరికి లెక్క హక్కు దగ్గరికే, అంటే డబ్బు దగ్గరికే వస్తుంది. రిజిస్టరులో ఉన్నవాళ్లకు మందులకు, పళ్లకు, కళ్లద్దాలకు ప్రభుత్వం ఖర్చు పెడుతుంది. పై చదువులకు కొంత సాయం ఉంటుంది. రిజర్వులో సంపాదించిన దాని మీద ఆదాయపు పన్ను లేదు. పాత ఒప్పందాల ప్రకారం తలకింత భరణం ఉంటుంది. చాలాచోట్ల అది 1870ల నుంచీ ఏడాదికి 5 డాలర్లే! హ్యూరాన్ సరస్సు ఉత్తరాన 1850 నాటి రాబిన్సన్ ఒప్పందం కింద 1875 నుంచీ 4 డాలర్లే ఇస్తూ వచ్చారు. ఆ నేలలోంచి గనులు, కలప తరలించి సంపాదించింది ఎంతో లెక్కకే అందదు. కోర్టుల్లో ఓడాక, 2023లో ఆ ఒక్క ఒప్పందం జనానికి పాత బాకీ కింద వెయ్యికోట్ల డాలర్లు ఇవ్వడానికి కేంద్రం, అంటారియో కలిసి ఒప్పుకున్నాయి. తలకింత అని రాసుకున్న బాకీలో తలలు తగ్గితే ఎవరికి లాభమో విడమరిచి చెప్పాలా?

రిజిస్టరుకు కొత్తగా జనం చేరితే కొన్ని రిజర్వుల పెద్దలు ఇబ్బందిపడే మాటా నిజమే. 1985 తర్వాత లక్షమంది వచ్చినప్పుడు ఇళ్లకు, నీళ్లకు, బడికి సరిపడా నిధులు గాని భూమి గాని వెంట రాలేదు. ఉన్న ముద్దనే ఇంకా చిన్న ముద్దలు చేసుకోమన్నారు. అక్కాచెల్లెళ్లు రావద్దని అన్నదమ్ములు అనేలా చేసింది ఆ కొరతే. కొరతను తయారుచేసినవాడు మాత్రం 'మీరూ మీరూ తేల్చుకోండి' అని పక్కన నిలబడ్డాడు. ఈ ఆట మనకు కొత్తా?

2025లో జరిగింది ఇదీ. తాతముత్తాతలు ఒకప్పుడు 'విముక్తి' పేరుతో హోదా వదులుకోవాల్సి వచ్చిన కుటుంబాలు 2021లో కోర్టుకెళ్లాయి. ఆ వంశాలవాళ్లను తిరిగి చేర్చేందుకు ప్రభుత్వం 2025 మేలో ఎస్-2 బిల్లును సెనేట్‌లో పెట్టింది. కొద్దివేలమందికి మాత్రమే వర్తించే చిన్న సవరణ అది. రెండో తరం కోత జోలికి పోలేదు. దాని మీద 2023లోనే సంప్రదింపులు మొదలుపెట్టాం, అందర్నీ అడగాలి, తొందరపడకూడదు అన్నది ప్రభుత్వం మాట. అప్పటి మంత్రి మాండీ గల్-మాస్టీ క్రీ జాతి స్త్రీ, ఆ శాఖకు మంత్రి అయిన మొదటి ఆదివాసీ మనిషి. మనిషి మారితే శాఖ మారుతుందా అని మనం అడుగుతుంటాం గదా, అదే ప్రశ్న అక్కడా వినిపించింది. సెనేట్ కమిటీ ముందుకొచ్చిన ఆదివాసీ స్త్రీలు, నాయకులు కోతను తీసేయమన్నారు. 1876లో కోసేటప్పుడు మమ్మల్ని అడగలేదు, కుట్టడానికి మాత్రం ఎన్నేళ్లు అడుగుతారన్నది వాళ్ల వాదనలోని సారం. 2025 చివర్లో సెనేట్ ప్రభుత్వ ఇష్టానికి భిన్నంగా బిల్లును మార్చింది. తల్లిదండ్రుల్లో ఒక్కరికి హోదా ఉన్నా బిడ్డకు హోదా ఉంటుందని రాసి దిగువ సభకు పంపింది.

1985లో 6(2) కింద పేరెక్కిన పసిపిల్ల ఆ చర్చ నాటికి నలభై ఏళ్లది. ఆమెకు పిల్లలుంటారు. వాళ్ల దరఖాస్తులో తండ్రి పేరు దగ్గర ఏ జాతి మనిషి పేరు రాశారన్న దాన్ని బట్టి, వాళ్లు ఆ అమ్మకు పుట్టిన ఇండియన్లో, ఆ అమ్మకు పుట్టిన పరాయివాళ్లో ఒట్టావాలో ఒక గుమాస్తా తేల్చి ఉంటాడు.